మూడో బ్యాటరీ

“ఒరేయ్ రామాంజీ, ఏడాదిలో ఇది మూడో బ్యాటరీరా! ఇదీ పోయిందంటే బండి మాచర్ల తీసకపోతా.”

కొండలు మాటకి మెకానిక్ రామాంజికి చురుక్కుమంది. పదిహేనేళ్లుగా గురజాలలో బండి రిపేరంటే తన పేరే చెబుతారు. ఆ పేరు కాస్తా ఈ ఒక్క బండి దగ్గర పోయేట్టుంది.

“క్వారీకి పోవాలంటే రోజూ మీ వదినే నెట్టాలి. ఊరంతా నవ్వతన్నారు.”

“పేటలో కొత్తగా పెట్టిన బ్యాటరీ షాపుకి ఫోన్ చేశాలే అన్నా. మధ్యాహ్నం బస్సుకి ఏస్తామన్నారు.”

పక్కన నిలబడి చూస్తున్న ఓ పెద్దాయన కల్పించుకున్నాడు. ఊరికి కొత్త మనిషి.

“ఇంజను నడిచేటప్పుడు మీటర్ పెట్టి చూశావా తమ్ముడూ?”

“బ్యాటరీ చూశాగా. డెడ్డు.”

“అదిగాదు. దానికి ఛార్జింగు ఎక్కుతుందో లేదో చూడాలి గదా.”

కొండలు ఎదుటే ఆయన ఆ మాట అనేసరికి రామాంజికి ఒళ్లు మండింది.

“ఏందయ్యా, నాకే పని నేర్పుతన్నావా? ఎళ్లెళ్లు!”

ఆయన ఏమీ అనుకోలేదు. “ఎందుకైనా మంచిది, చూడు” అని నవ్వి, రోడ్డు పక్కన ఆపిన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మనిషి పోయాడు గానీ మాట పోలేదు. కొండలు టీకి వెళ్లగానే, రామాంజి షాపులోని వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేశాడు. మీటర్ పన్నెండు వోల్టులు చూపించింది. రేజ్ చేశాడు. పద్నాలుగు చూపించాల్సింది, పన్నెండు దగ్గరే కూర్చుంది!

“ఓరి నీ!”

కాయిల్ బ్రహ్మాండంగా ఉంది. బ్యాటరీకి ఛార్జింగు పంపే రెగ్యులేటర్ దగ్గర మాత్రం వైర్లు కలిసే చోట క్వారీ దుమ్ము గడ్డకట్టి, ఒక వైరు మాడిపోయింది. తిండి పెట్టకుండా పని చేయించి, చచ్చాయని బ్యాటరీలను తిట్టాడన్నమాట!

కొత్త వైరు వేశాడు. మీటర్ పద్నాలుగు దాటింది. రామాంజికి ప్రాణం లేచొచ్చింది. పాత బ్యాటరీని ఛార్జింగుకి పెడితే గంటలో కోలుకుంది. సెల్ఫ్ ఒక్క నొక్కుకే బండి అందుకుంది.

“మీ వదిన బతికిందిరా!” టీ తాగొచ్చిన కొండలు పగలబడి నవ్వాడు. “నువ్వు మొనగాడివే!”

“నేను గాదన్నా, ఇందాక నేను తరిమేసిన పెద్దాయన,” అన్నాడు రామాంజి సిగ్గుపడుతూ. “కాళ్లు మొక్కుదామన్నా మనిషి ఏడీ?”

బస్సు రాకముందే చెప్పాలని గబగబా పేట షాపుకి ఫోన్ చేశాడు. అవతల ఓనరు కూతురు మంజుల ఎత్తింది.

“అమ్మా, గురజాల రామాంజిని. ఆ బ్యాటరీ ఇంక వద్దమ్మా. బస్సుకి ఎయ్యొద్దు.”

“బస్సుకి ఎయ్యలేదన్నా, పొద్దున మా నాన్నే పట్టుకెళ్లాడు; మీ షాపు దాకా వచ్చి, ‘ఆ బండికి బ్యాటరీ అవసరం పడదులేమ్మా’ అని ఇందాక ఫోన్ చేసి, మళ్లీ ఎనక్కి మోసుకొస్తన్నాడు.”