హానా దారికి నాలుగు నిమ్మకాయలు

"ఇది అద్దె జీపు, అనూ. సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాం. దీనికి పూజేమిటి?"

శేషగిరి మాట వినపడనట్టే అనురాధ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ భరిణె తీసింది. తెల్ల జీపు బానెట్ మీద మూడు బొట్లు పెట్టింది. నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు సర్దింది.

"అద్దెదైనా ఎక్కేది మనమే కదండీ."

మావీ దీవిలో, విమానాశ్రయం పక్కనున్న అద్దె కార్ల గ్యారేజీ అది. పైన కాంక్రీటు కప్పు. దాని కింద వరసలు వరసలుగా ఒకే తీరు తెల్ల జీపులు.

శేషగిరి పద్దెనిమిదేళ్లుగా తాముండే ప్లేనో ఊళ్లో కారు నడుపుతున్నాడు. అక్కడి రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. కొండదారి అంటే మాత్రం అతని అరచేతులకు చెమట పడుతుంది. కిందటేడు కొలరాడోలో, శిఖరం ఇంకా నాలుగు మైళ్లుందనగా, "మబ్బు పట్టింది" అంటూ కారు వెనక్కి తిప్పేశాడు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. అనురాధ ఆ ప్రయాణం ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

ఈసారి ఈ దీవి అంచునే హానా ఊరికి పోయే దారి. ఒక పక్క కొండ, మరో పక్క సముద్రం, మధ్యలో ఆరువందల మలుపులు. ఆ చివర నల్ల ఇసుక తీరం. దాని బొమ్మ పదేళ్లుగా వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఇవాళ కూడా వెనక్కి తిప్పితే, ఇంటికి వెళ్లగానే ఆమె ఆ బొమ్మను చప్పుడు చేయకుండా తీసేస్తుందని అతనికి తెలుసు.

"భయం రోడ్డు మీద ఉండదు, అనూ. చూసే మనసులో ఉంటుంది. దాన్ని నిమ్మకాయలు ఏం చేస్తాయి?"

"ఏమీ చెయ్యకపోతే పోయేదేముంది? ముందు కొబ్బరికాయ కొట్టండి."

కొట్టాడు. ఆ చప్పుడు గ్యారేజీ అంతా మోగింది. చెవిలో తెల్లపువ్వు పెట్టుకున్న ఉద్యోగిని పరుగున వచ్చింది. అరవై దాటిన మనిషి. అక్కడ అందరూ ఆవిడను ఆంటీ అనే పిలుస్తున్నారు.

"ఇక్కడ కూడా ఆంటీయే!" అని అనురాధ మురిసిపోయి కర్పూరం బయటకు తీసింది.

ఆంటీ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నో ఫైర్! అలారం మోగుతుంది."

హారతి మానేశారు. శేషగిరి జీపెక్కి గజం దూరం ముందుకు పోనిచ్చాడు. నిమ్మకాయలు టప్పున చితికాయి. ఎందుకో ఆ చప్పుడు అతనికి నచ్చింది. ఆ సంగతి పైకి చెప్పకుండా, కొబ్బరినీళ్ల జిగురు కడుక్కోవడానికి వెళ్లాడు.

అక్కడ పెద్ద క్యూ. పావుగంట తర్వాత తిరిగి వచ్చేసరికి జీపు బయటికి వెళ్లే గేటు దగ్గరుంది. సామాన్లు సర్దేసి ఉన్నాయి. అనురాధ ముందు సీట్లో కూర్చుని ఉంది.

"ఇక్కడికెవరు తెచ్చారు?"

"ఆంటీయే తెచ్చిపెట్టింది. ఎక్కండి, ఎండెక్కుతోంది."

మొదటి ఇరవై మలుపులూ శేషగిరి ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఇరవై ఒకటో మలుపులో, ఒక్క బండికే చోటున్న వంతెన మీదికి ఎదురుగా ట్రక్కు వచ్చింది. బ్రేకు తొక్కి వంతెన ముందే ఆపాడు. అరచేతులు తడిశాయి.

"మబ్బు పట్టింది, అనూ."

ఈసారి నిజంగానే పట్టింది. మరుక్షణం వాన దంచికొట్టింది.

"పట్టనివ్వండి. పొద్దున నిమ్మకాయలు తొక్కించారుగా."

ఆ టప్పుమన్న చప్పుడు అతని చెవుల్లో మళ్లీ వినిపించింది. స్టీరింగ్ మీద పట్టు కొంచెం సడలింది. ట్రక్కు దాటిపోయింది. యాభయ్యో మలుపు తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

జలపాతం దగ్గర ఆగినప్పుడు బానెట్ చూసి ఉలిక్కిపడ్డాడు.

"అనూ! బొట్లు లేవే!"

"ఇంత వాన పడ్డాక బొట్టు నిలుస్తుందా?"

అతను బానెట్ మీది నీళ్లు చేత్తో తుడిచాడు. "పోతే పోయాయిలే. నిమ్మకాయలు పనిచేస్తున్నాయి."

"మీకు నమ్మకం లేదన్నారు?"

"నాకు లేదు. జీపుకు ఉందేమో!"

అనురాధ ముఖం పక్కకు తిప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

వెదురు అడవిలో చీలమండ దాకా బురదలో నడిచారు. దారి పక్క బడ్డీలో వేడి వేడి అరటిపండు బ్రెడ్ కొనుక్కుని తిన్నారు. మధ్యాహ్నం దాటాక నల్ల ఇసుక తీరం చేరారు. అనురాధ చెప్పులు విడిచి, ఫ్రిజ్ తలుపు మీది బొమ్మలోకి నడిచి వెళ్తున్నట్టుగా నీళ్లలోకి వెళ్లింది. శేషగిరి ఒడ్డున నిలబడి చాలాసేపు చూశాడు. ఫోటో తీయడం కూడా మరిచిపోయాడు.

తిరుగుదారిలో మలుపు మలుపుకీ ఈల వేశాడు.

చీకటి పడకముందే గ్యారేజీ చేరారు. అతను దిగి జీపు బానెట్‌ను గుర్రం మెడలా తట్టాడు. ఆంటీ దగ్గరికి వస్తూంటే ఉండబట్టలేకపోయాడు.

"ఆరువందల మలుపులు! ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు. అంతా పొద్దుటి నిమ్మకాయల చలవ."

అనురాధ గబగబా సామాన్లు దింపుకోసాగింది.

ఆంటీ తాళం అందుకుని, గోడవార మూడు కుంకుమ బొట్లతో నిలబడి ఉన్న ఇంకో తెల్ల జీపు వైపు చేయి చూపించింది: "మీ నిమ్మకాయలు తొక్కిన బండి అదిగో; మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు దాని బ్రేకు హెచ్చరిక దీపం వెలుగుతోందని మీ ఆవిడే చూసి చెబితే, ఈ బండి మార్చి ఇచ్చాను."