ఆఖరి కక్షలో ఒక్కడు

వీరేశానికి యూరియా బస్తా తూకం తెలుసు గాని మనిషి తూకం తెలియదని సరోజన పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది.

లేకపోతే, కోదాడలో కిరాయికి వచ్చేవాళ్లే కరువైనట్టు, పెరటి గదిని ఒంటరి ఆడమనిషికి ఇస్తాడా?

పేరు జమున. ఊరు తుంగతుర్తి వైపు. ఏదో కాలేజీలో పని. ఆమె కోసం వచ్చే చుట్టం లేదు, ఆమెను పిలిచే పేరంటం లేదు.

“ఆమె రూముకు పోవద్దు. ఆమెతోని మాట్లాడొద్దు,” అని కూతురు సరితకు ముందే చెప్పింది సరోజన.

సరిత తలూపింది. పదో తరగతి. సైన్సు పరీక్ష పెట్టినప్పుడల్లా తప్పుతున్న పిల్ల, ఎదురు చెప్పే స్థితిలో లేదు.

ఒక సాయంత్రం సరోజన వంటింట్లో పోపు పెడుతుంటే పెరటి గది నుంచి జమున గొంతు వినబడింది.

“మొదటి కక్షల ఇద్దరే. వాళ్ల లెక్క అయినంకనే రెండో కక్ష. ఆడ ఎనిమిది మంది.”

పోపు మాడింది.

“ఆఖరి కక్షల ఒక్కడే మిగిలిండు. పాపం, వాడు నిలువడు. గుంజుకపోయేటోడు పక్కనే కాసుకోని ఉంటడు.”

సరోజన పెరట్లోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. గదిలో రెండో మనిషి లేదు. జమున చేతిలో ఫోను కూడా లేదు. కిటికీ కింద బండ మీద సరిత ఒక్కతే, పుస్తకంలో తల దూర్చి కూర్చుంది.

“లోపలికి రాయే! గా మాటలు ఇనకు!”

వీరేశం అన్నానికి కూర్చోగానే సంగతి చెప్పింది.

“ఆమెకు కక్షలున్నయి. ఒకటి గాదు, మూడు. మొత్తం పదకొండు మంది!”

“పదకొండు మందినా?” వీరేశం ముద్ద కలుపుతూనే అడిగాడు. “గామె నీళ్ల బిందెనే ఎత్తలేదు గదనే.”

“నీకు నవ్వులాట. తనలో తనే మాట్లాడుకుంటది. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది.”

మర్నాడు పొద్దున్నే జమున గది ముందు నిలబడింది సరోజన.

“మా ఆడబిడ్డ వస్తున్నది. రూము ఖాళీ చెయ్యాలె.”

జమున భుజానికున్న బ్యాగు కింద పెట్టింది.

“పరీక్షలదాంక ఉంటనక్కా. అయినంక నేనే పోత.”

“నీకేం పరీక్షలు?”

జమున నోరు తెరిచింది. వెనకాల పళ్లు తోముకుంటున్న సరిత వైపు చూసింది. మళ్లీ మూసుకుంది.

“నాకేముంటయక్కా,” అంది.

ఆదివారం ఆటోలో స్టవ్వు, బ్యాగు, నీళ్ల క్యాను ఎక్కించుకుని వెళ్లిపోయింది. సాగనంపడానికి వాకిట్లోకి ఎవరూ రాలేదు.

ఆడబిడ్డ కూడా రాలేదు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం సరిత మూసిన కిటికీ కింద, మూసిన పుస్తకంతో కూర్చోవడం మొదలుపెట్టింది.

“సదువుకోక ఏం జేస్తున్నవే?”

“ఎవరు చెప్తరు?”

“ఇన్నాళ్లు ఎవరు చెప్పిన్రు?”

సరిత కిటికీ వైపు చూసింది.

“ఆ రోజు నువ్విన్నది సోడియం పాఠం అమ్మా. ఆఖరి కక్ష్యల ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంటది. దాన్ని క్లోరిన్ గుంజుకుంటది. రెండు కలిస్తే ఉప్పు.”

“కక్ష అన్నది గదా!”

“కక్ష్య. ఎలక్ట్రాన్లు తిరిగే దారి. పలికితే ఒక్కతీరుగనే ఉంటది.”

సరోజన బండ మీద కూతురి పక్కన కూలబడింది.

“నాకెందుకు చెప్పలే?”

“రూముకు పోవద్దన్నవు, పోలే. మాట్లాడొద్దన్నవు, మాట్లాడలే. ఇనొద్దని అనలే గదా.”

“నీకు సైన్సు రాదని ఆమెకెట్ల తెలిసింది?”

“నువ్వు తిట్టేది ఆమె రూముదాంక ఇనబడేది.”

సరోజన లేచి, వీరేశం ఫోన్‌లో జమున నంబరు వెతికి కలిపింది.

“అక్కా, ఏమన్న మర్చిపోయి వచ్చిన్నా?” అవతల జమున గొంతులో కంగారు.

“లేదు చెల్లె. వాపస్ రా. పిల్లకు పాఠం చెప్పు.”

జమున ఆటోల చప్పుడుకు దూరంగా జరిగి మాట్లాడింది.

“మా కాలేజిల పాఠాలన్ని వీడియోలు పెట్టి తెర మీదనే అయితున్నయక్కా. నాతోని ఉత్త హాజరు ఏపిచ్చిన్రు. నా పాఠం ఇన్నది మీ సరితనే. మీ ఇంటి నుంచి వచ్చినంక కాలేజి గూడ ఇడిసిపెట్టిన. సూర్యాపేటల బట్టల షాపుల చేరిన. ఇగ చెప్పుడు ఖతం.”

సరిత తల్లి ముఖంలోకే చూస్తోంది.

“తప్పు నాదే చెల్లె,” గోడ అవతలివాళ్లకు కూడా వినబడేంత గట్టిగా అంది సరోజన. “మా పిల్లకు దొరికిన ఒక్క పంతులమ్మను నేనే ఎల్లగొట్టిన.”