పూజిత కప్పు

"నీకు నచ్చింది తీసుకో అమ్మాయ్. ఖరీదు చూడకు."

అత్తగారి నోట ఆ మాట విని పూజిత నమ్మలేకపోయింది. సియాటిల్ చైనాటౌన్‌లో చిన్న టీ దుకాణం అది. అరల నిండా చైనా పింగాణీ కప్పులు.

అవినాష్‌తో పెళ్ళయి మూడేళ్ళు. పెళ్ళికి అత్తగారు శేషమ్మ రాలేదు. ఫోన్‌లో కోడలి గొంతు వినిపిస్తే పెట్టేసేది. ఈవిడ తనను ఎప్పటికీ కోడలనుకోదని పూజిత ఆశ వదిలేసుకుంది. వదిలేసుకున్నాక కూడా అప్పుడప్పుడు బాత్‌రూమ్ తలుపేసుకుని ఏడ్చేది.

పోయిన నెల శేషమ్మ సియాటిల్ పక్కనే బాతెల్‌లో ఉన్న వాళ్ళింటికి వచ్చింది. వచ్చిన రోజే వంటగది తన చేతుల్లోకి తీసుకుంది. "ఆఫీస్‌లో అలిసిపోయి వస్తావు. నువ్విటు రాకు" అంది. అన్నం పేపర్ ప్లేటులో వడ్డించి హాల్లోకే తెచ్చిపెట్టేది. టీ పేపర్ కప్పులో.

"యూ ఆర్ లక్కీ. మా అమ్మ నాక్కూడా ఇంత సర్వీస్ చెయ్యలేదు" అన్నాడు అవినాష్.

లక్కీయేమో మరి. పూజితకు మాత్రం సొంతింట్లో చుట్టపుచూపుగా ఉన్నట్టుండేది. ఇక ఇంతే అనుకుంది. ఇవాళ పొద్దున్న ఆవిడే బయల్దేరదీసింది.

"పాపం, ఎన్నాళ్ళని ఆ కాగితం కప్పుల్లో తాగుతావు?"

పూజిత లేతాకుపచ్చ కప్పొకటి చేతిలోకి తీసుకుంది. నున్నటి పూత కింద సన్నసన్నటి గీతలు. అరచేతిలో ఇమిడిపోయింది.

"టీ పోసేకొద్దీ ఆ గీతల్లోకి రంగు దిగుతుంది" అంది దుకాణంలోని చైనా ఆవిడ ఇంగ్లిష్‌లో. "అందుకే ఇది ఒక్క మనిషికే. ఇంకొకరు ఇందులో తాగరు."

పూజిత తెలుగులో చెప్పింది. శేషమ్మ ముఖం విప్పారింది.

"అదే కావాలి మనకి. తీసుకో."

"మీకూ ఒకటి తీసుకుందాం అత్తయ్యా. ఇద్దరికీ మ్యాచింగ్."

"వద్దొద్దు. ఇలాంటిది ఇంట్లో ఇంకోటి ఉండకూడదు. చూడగానే నీదని తెలియాలి."

పూజిత కార్‌లో దారి పొడవునా కప్పును ఒళ్ళోనే పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈవిడ్ని అపార్థం చేసుకున్నానా అని సిగ్గుపడింది.

ఇంటికొచ్చాక శేషమ్మ అల్లం టీ పెట్టింది. వంటగది గుమ్మం దగ్గర పూజిత కొత్త కప్పు పట్టుకుని నిలబడితే, గిన్నె బాగా పైకెత్తి పోసింది. చుక్క ఒలకలేదు.

అంత కమ్మటి టీ తాగి ఎన్నాళ్ళయిందో! కళ్ళు తుడుచుకుని, ఖాళీ కప్పుతో సింక్ వైపు నడిచింది పూజిత.

"సింక్‌లో వద్దు తల్లీ," శేషమ్మ ఎంతో మెత్తగా అంది, "గరాజ్‌లో కుళాయి కింద కడుక్కుని అక్కడే పెట్టుకో, మా ఊరి టీకొట్లో మీవాళ్ళంతా వాళ్ళ గ్లాసులు అలాగే కడుక్కుని చూరులో పెట్టుకునేవాళ్ళు."