గేటు మాత్ర

రొయ్యల షెడ్డులో పనికి చేరిన రోజే ప్రతివాళ్ళకీ డాక్టరు చీటీ రాసేస్తాడు. కంపెనీ పెట్టే పాచి కూడు తిని పుల్లత్రేన్పులతో పని ఆపకుండా, గేటు దగ్గర మిషను రోజూ నోట్లో మాత్ర వేస్తుంది. ఇప్పుడు ఏ కంపెనీకి పోయినా ఇంతే. కూడు మార్చడం కన్నా కడుపు మార్చడం వాళ్ళకి తేలిక.

ఆ రోజు నూకరత్నం మింగిన మాత్ర వాంతిలో పోయింది. మధ్యాహ్నానికి గొంతు దాకా మంట లేచింది. ఆ మంటలోనే పక్కనున్న ఖాళీ పీట కనబడింది. నిన్న అమ్మోనియా లీకై, తన పక్కన వలిచే లోవ ఆ పీట మీదే ప్రాణం వదిలింది. అందరూ శవాన్ని పక్కకి జరిపి రొయ్యలు వలిచారు. తనూ వలిచింది.

"ఒసే సత్తెమ్మా! లోవ చచ్చిపోతే రొయ్యలు వలుచుకుంటా కూర్చున్నామే! మీకెవరికీ కడుపు మండట్లేదా?" అని అరిచింది.

షెడ్డులో చేతులన్నీ ఆగాయి. సత్తెమ్మ లేచొచ్చి ప్రేమగా ఆమె వీపు నిమిరింది.

"అయ్యో నా తల్లీ, మండుతోందా? పొద్దున్నే చెప్పొద్దూ!" అంటూ మిగతావాళ్ళ వైపు తిరిగింది. "రండర్రా, దీనికి కడుపుమంటంట. మాత్ర వెయ్యాలి, గట్టిగా పట్టుకోండి."

రొయ్యల నీచు కొడుతున్న చేతులు, ఎంతో మెత్తగా, నూకరత్నం నోరు తెరిచాయి.