ఒడ్డున ఎర్రటోపీ

"మన పిల్ల ఎప్పుడు దిగుతుందిరా?" అనంతలక్ష్మి మళ్ళీ అడిగింది.

"దిగుతుందమ్మా, చూస్తూ ఉండు," అన్నాడు వేణుమాధవ్. అబద్ధమాడేటప్పుడు అతను తల్లి ముఖం చూడడు. ఇప్పుడూ నీళ్ళకేసే చూశాడు.

షామ్‌బర్గ్‌లో క్లబ్బు వాళ్ళ స్విమ్మింగ్ పూల్. ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే వాటర్ పోలో ఆటలో ఈ సీజన్‌కి ఆఖరి మ్యాచ్. గురువారం అనంతలక్ష్మి ఇండియా ఫ్లైట్ ఎక్కుతుంది. మనవరాలు రియా ఒక్క బంతి ఆపగా చూసి వెళ్ళాలని ఆవిడ కోరిక. అందుకని చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు బూట్లు తొడుక్కుని, ప్రతి శనివారం వచ్చి మెట్ల మీద కూర్చుంటోంది. అక్కడ రియా కూడా బెంచీ మీద కూర్చుంటోంది. ఆగస్టులో రియా వెళ్ళే కాలేజీలో ఈ ఆటే లేదు.

"టోపీ పెట్టుకుందిగా మరి?"

టోపీ సంగతి రియా కార్లోనే చెప్పింది. "ఎవ్రీ టీమ్‌కి టూ రెడ్ క్యాప్స్ నాయనమ్మా. గోల్‌కీపర్స్‌కి. నంబర్ వన్ ఆడుతుంది, థర్టీన్ వెయిట్ చేస్తుంది. వన్‌కి దెబ్బ తగిలితే అప్పుడు నేను. ఒలింపిక్స్‌లో కూడా అంతే."

"అయితే ఆ పిల్లకి దెబ్బ తగలాలని దణ్ణం పెట్టుకోవాలా? ఛీ ఛీ, పాపం," అని అనంతలక్ష్మి చెంపలు వేసుకుంది. వేణుమాధవ్ ఆ దణ్ణం ఎప్పుడో పెట్టేశాడు. సిగ్గుపడ్డాడు. మళ్ళీ పెట్టాడు.

అతని కోపమంతా కోచ్ మిలోరాద్ మీద. సెర్బియా మనిషి, గుమ్మంలో వంగి రావాల్సినంత పొడుగు. తనూ గోల్‌కీపరే. ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా అతని పతకాలు, ఒలింపిక్ బంగారంతో సహా. పక్కనే ఫైనల్ గెలిచిన రోజు ఫోటో. జట్టంతా జుట్టు నీళ్ళోడుతూ గెంతుతుంటే, మిలోరాద్ ఒక్కడే శుభ్రంగా తల దువ్వుకుని నిలబడ్డాడు. ఫోటోల పిచ్చి కాబోలనుకున్నాడు వేణుమాధవ్.

పొగిడితే పని జరుగుతుందేమోనని ఒకసారి ప్రయత్నించాడు కూడా.

"ఒలింపిక్ ఫైనల్ అంటే మాటలా కోచ్! ఆ రోజు బంతులు చేతికి గట్టిగా తగిలేవా?"

"చాలా గట్టిగా తగిలాయని అన్నారు," అన్నాడు మిలోరాద్.

పాపం, ఇంగ్లిష్ అంతంతమాత్రం అని సరిపెట్టుకున్నాడు వేణుమాధవ్.

ప్రాక్టీసులో మాత్రం రియాకి ఏ లోటూ చెయ్యడు. ఆడే పిల్లతో సమానంగా, రెండు చేతులూ పైకెత్తి కాళ్ళతోనే నీళ్ళలో తేలమంటాడు, ప్రాణాలు కడబట్టేదాకా. తీరా మ్యాచ్ రోజున తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. వేరే ఎవరినీ ఆ చోట కూర్చోనివ్వడు. ఆ గౌరవాన్ని ఏం చేసుకోవాలో వేణుమాధవ్‌కి తెలియదు.

ఆఖరి క్వార్టర్. స్కోరు సమానం. ఒకటో నంబరు పిల్ల కేట్లిన్ ముఖానికి బంతి ఫట్‌మని తగిలింది. విజిల్ మోగింది. రియా టోపీ తాళ్ళు బిగించుకుని, పూల్ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

"దిగుతోందిరా!" అనంతలక్ష్మి కొడుకు చెయ్యి పట్టుకుంది.

కేట్లిన్ ముక్కు తుడుచుకుని, బాగానే ఉన్నానని చెయ్యి ఊపింది. మిలోరాద్ రియాని వెనక్కి పిలిచాడు. ఆమె భుజం మీద వేసిన చెయ్యి ఆట ముగిసేదాకా తియ్యలేదు.

వేణుమాధవ్ నిలబడే ఉన్నాడు. అరవాలనుంది, కానీ ఎవరి మీద? వీసా చిక్కొస్తే లాయరుంటాడు, జ్వరమొస్తే డాక్టరుంటాడు. బెంచీ మీద కూర్చున్న కూతురికి తండ్రి చెయ్యగలిగిందేమీ లేదు.

ఒక్క గోల్ తేడాతో గెలిచారు. గ్రూప్ ఫోటోకి పిలిస్తే రియా టోపీ తీసి వెళ్ళి చివర నిలబడి నవ్వింది.

"పిల్ల తల ఎప్పుడో ఆరిపోయిందిరా," అంది అనంతలక్ష్మి.

ఇక ఉండబట్టలేక వేణుమాధవ్ కోచ్ దగ్గరికి వెళ్ళాడు. "ఒక్క నిమిషం దింపితే ఏం పోయేది? మా అమ్మ గురువారం వెళ్ళిపోతోంది. నా కూతురికి ఇదే ఆఖరి ఆట."

"కేట్లిన్ బెటర్," అన్నాడు మిలోరాద్. "రియాకి తెలుసు."

"తెలిస్తే బాధ ఉండదా? మెడ నిండా బంగారం వేసుకున్నవాళ్ళు మీరు. తయారై కూర్చున్నాక ఎవరూ పిలవకపోతే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

మిలోరాద్ ఆఫీసు గదివైపు చూశాడు. పెద్ద చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. "సారీ సర్," అన్నాడు. అంతే. అంత మనిషి నోరు మూయించినా వేణుమాధవ్‌కి తృప్తి కలగలేదు.

రియా కార్ దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో టవల్ మూట.

"కోచ్ ఇచ్చాడు. ఒలింపిక్ ఫైనల్‌లో పెట్టుకున్న క్యాప్ అంట. మెడల్స్ అందరికీ చూపిస్తాడు కదా, ఇది ఎవరికీ చూపించలేదంట."

"ఏడ్చే పిల్లకి తాయిలం," అన్నాడు వేణుమాధవ్ కారు స్టార్ట్ చేస్తూ.

"డాడ్, నువ్వు ఆయన్ని ఏమన్నావు?"

"ఉన్నమాటే అన్నాను. నీ బాధ ఆయనకేం తెలుసన్నాను."

రియా వెనక్కి తిరిగింది. టవల్ విప్పి, టోపీ తీసి వెనక సీట్లో ఉన్న నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. వెలిసిపోయిన ఎర్రగుడ్డ. తాళ్ళు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. అనంతలక్ష్మి కళ్ళజోడు సర్దుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయింది. ఏమైందోనని వేణుమాధవ్ వెనక్కి తిరిగి చూశాడు.

దాని మీద నంబరు పదమూడు.