తిరగని బ్యాటరీ

"సెలవు రోజున బొంగరాలాడుకోడానికి నీకు ఆఫీసే దొరికిందా?"

కొత్త మేనేజరు కంప్యూటరు తెరను ముసలాయన వైపు తిప్పాడు.

కెమెరా అంతా పట్టేసింది. తాళాలేసిన ఆఫీసు. బ్యాటరీల గది. ముసలాయన ఒక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. డ్రోన్ బ్యాటరీని గాజుపలక మీద పెట్టి వేలితో తిప్పి చూస్తున్నాడు. అది కదల్లేదు. ఇంకోటి తీశాడు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

వెనక నిలబడ్డ డ్రోన్ పైలట్లు కిసుక్కుమన్నారు. వాళ్ళు ఆయనకు పెట్టిన పేరే బొంగరం తాత.

"ఆట కాదు సార్," అన్నాడు ముసలాయన. "ఉబ్బిన బ్యాటరీకి పొట్ట వస్తుంది. గాజు మీద గిర్రున తిరుగుతుంది. బాగున్నది తిరగదు."

"మరి ఛార్జరెందుకు పెట్టావ్? వానకి సర్వే ఆగిపోయింది కదా!"

"ఛార్జింగ్ ఎక్కించడానికి కాదు సార్, దించడానికి. ఎగరేద్దామని వీళ్ళు నిండా ఎక్కించారు. వానొచ్చింది, అలాగే వదిలేసి ఇళ్ళకి పోయారు. నిండుగా పడుంటే ఉబ్బుతాయి. పూర్తిగా ఖాళీ అయితే చస్తాయి. సగానికి దించి, చల్లటి చోట పెట్టాలి."

"అబ్బో! నేనొచ్చి రెండేళ్ళయింది తాతా," అన్నాడో పైలట్. "ఒక్కటంటే ఒక్కటి ఉబ్బిందా? మన సరుకు మంచిది. నువ్వు ఊరికే హైరానా పడకు."



"సెలవు రోజు ఇంట్లో పనేం ఉండదా నీకు?" అడిగాడు మేనేజరు.

"ఉండదు సార్."

అంత చిన్న జవాబు మేనేజరుకి పొగరులా వినిపించింది. కుర్చీ కొత్తదైతే ఏది విన్నా పొగరే.

"నేనొచ్చి మూడు నెలలైంది. వేలిముద్ర మెషీన్లో నువ్వు వేలు పెట్టగా ఒక్కరోజూ చూడలేదు."

"తాత వేలు బ్యాటరీల పొట్టలు తడమడానికే సరిపోతుంది సార్!" అన్నాడింకో పైలట్.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వితే ఉండనిస్తారనుకున్నాడు కాబోలు.

"రేపట్నుంచి రావద్దు. తాళంచెవి ఇక్కడ పెట్టు."

"ఆ మూల రెండు పెట్టెలు ఇంకా దించలేదు సార్. అవయ్యేదాకా..."

"చెవి పెట్టమన్నాను."

పెట్టాడు.

గుమ్మం దగ్గర ఆగి, "కిటికీ పక్కన పెట్టకండి, ఎండ పడుతుంది," అన్నాడు.

ఎవరికి చెప్పాడో తెలియదు. ఎవరూ వినలేదు.

ఆ నెలలో వాన రెండుసార్లు తెరిపిచ్చింది. రెండుసార్లూ పైలట్లు బ్యాటరీలు నిండా ఎక్కించారు. రెండుసార్లూ మళ్ళీ వాన. నడవడానికి అడ్డమని ఎవరో పెట్టెల్ని కిటికీ కిందికి జరిపారు.

నాలుగోవారం ఎండ కాసింది. ఏటిగట్టు ఎక్కడెక్కడ బీటలు వారిందో పైనుంచి చూసి, సాయంత్రానికల్లా చెప్పమని కబురొచ్చింది.

పైలట్ బ్యాటరీని డ్రోన్‌లోకి తోశాడు. దూరలేదు. ఇంకోటి తోశాడు. అదీ దూరలేదు.

"సార్, ఒకసారి ఇలా రండి."

మేనేజరు వచ్చాడు. ఒక బ్యాటరీని గాజుపలక మీద పెట్టి వేలితో తాకాడు.

గిర్రున తిరిగింది.

రెండోదీ తిరిగింది. ఇరవై నాలుగింటిలో తిరగనివి మూడే.

ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు. గట్టు పని వేరేవాళ్ళకి పోయింది.

మేనేజరు ముసలాయన గది వెతుక్కుంటూ బయల్దేరాడు. పైలట్లకు వీధి తెలుసు, ఇల్లు తెలియదు. రెండేళ్ళు ఒకే గదిలో తిరిగినా అంతే.

నాలుగు తలుపులు తట్టాక ఇంటావిడ దొరికింది.

"ఆయనా? ఖాళీ చేసి పదిరోజులైంది నాయనా."

"ఎక్కడికెళ్ళారమ్మా?"

"చెప్పలేదు. రోజూ పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళే మనిషి, ఉన్నట్టుండి గుమ్మంలో కూర్చోవడం మొదలెట్టాడు. 'ఆఫీసే లేకపోయాక ఈ ఊళ్ళో నాకెవరున్నారమ్మా' అన్నాడు ఓరోజు."

ఆయన గది తలుపు తీసే ఉంది. గోడకి ఒక్క మేకు, ఒక్క చొక్కాకి సరిపడేది.

మేనేజరు వీధిలో నిలబడే హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు.

"మా స్టోరు చూసే పెద్దాయన్ని నేనే తొందరపడి తీసేశానండీ. మళ్ళీ డ్యూటీలోకి తీసుకోవాలి. కాస్త ఆయన సొంతూరి చిరునామా చూసి చెప్తారా?"

అవతల గుమాస్తా చాలాసేపు వెతికాడు.

"మీరు తీసేయడమేంటి సార్? ఆయన రిటైరై నాలుగేళ్ళయింది."