ఆరో నంబరు పిల్ల

"అంతా బాగుంది తల్లీ, ఇంక నేను రాను," అంటూ పిల్లల సంరక్షణ ఆఫీసరమ్మ ఆరో నంబరు ఇంటి పిల్ల బుగ్గ నిమిరి, ఫైలు మూసేసింది.

పై మెట్టు మీద కూర్చున్న నాకు కడుపుమంట అప్పటికి చల్లారింది.

నాలుగు నెలలుగా ఇదే వరస. ఆవిడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్నెవరైనా కొడుతున్నారా?" అని మెల్లగా అడిగేది. అది కిసుక్కున నవ్వేది. నన్నూ ఒక్కసారి అలా అడిగితే ఆవిడ సొమ్మేం పోతుంది? దగ్గరికెళ్తే మాత్రం, "నువ్వెళ్లి ఆడుకోమ్మా, ఇది ఆరో నంబరు కేసు," అనేది.

ఆవిడ వెళ్లాక, "అసలెందుకొచ్చేదే నీ దగ్గరికి?" అన్నాను.

"ఆరో నంబరు ఇంట్లోంచి రోజూ పిల్ల ఏడుపు వినిపిస్తోందని ఎవరో ఫోన్ చేశారంట. నేనెప్పుడు ఏడ్చానే?"

నవ్వుకుంటూ మెట్లెక్కి, మా తలుపు ముందు ఆగిపోయాను.

మాది తొమ్మిదో నంబరు. వేసవిలో నాన్న నా తలను ఈ తలుపుకేసి కొట్టినప్పుడు అంకె పైమేకు ఊడింది. అప్పట్నుంచీ అది తలకిందులై, ఆరులా వేలాడుతోంది.

లోపల నాన్న గడియ తీస్తున్నాడు.